విమానం మీద దాత పేరు

లండన్‌లో హెండన్ దగ్గర బ్రిటిష్ వైమానిక దళం మ్యూజియం ఉంది. అక్కడి పాత విమానాల్లో ఒకదాని నంబరు ఎఫ్1010. రకం డి.హెచ్.9ఎ. చెక్క చట్రం, బట్ట కప్పిన రెక్కలు, ముందు 400 హార్స్‌పవర్ల అమెరికన్ లిబర్టీ ఇంజను, ఇద్దరు మనుషులు కూర్చునే బాంబరు. (బట్ట రెక్కలని చెప్తే మా ఎమ్మిగనూరు నేతగాళ్ళు నూలు ఎన్నో నంబరని అడుగుతారు. నూలు కాదు, అది నార బట్ట.) ఆ విమానం ఒంటి మీద ఒక వాక్యం ఉంటుంది. దీన్ని బహూకరించినవారు హైదరాబాదు నిజాం ప్రభువు అని దాని సారాంశం.

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించి. కథనో కవితనో చదివినట్టు దాన్ని చదవాలని నా ఉద్దేశం. ఎందుకంటే మన దేశపు సైనిక విమానయానం తొలినాళ్ళ గురించి తెలుగులో ఏది చెప్పుకున్నా చివరికి ఈ వాక్యం దగ్గరికే వస్తాం. రెండు రకాలుగా చెప్పుకుంటాం. ఒకటి గర్వంగా: "ఇంగ్లండుకే విమానాలు కొనిచ్చాడు మన నిజాం!" రెండోది కోపంగా: "చూశారా, తెల్లోళ్ళకి ఎలా ఊడిగం చేశాడో!" స్వరాలు వేరైనా రెంటిలోనూ కర్త ఒక్కడే. ఇచ్చినవాడు. మెచ్చుకోడానికైనా తిట్టడానికైనా మనకి వాక్యంలో ఆయన తప్ప ఇంకెవరూ కనిపించరు. ఆ వాక్యం రాసినవాళ్ళకి కావలసిందీ అదే.

ముందు విషయం చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఒక పద్ధతి పెట్టింది. సామ్రాజ్యంలో ఎవరైనా ఒక విమానం ఖరీదు చెల్లిస్తే వాళ్ళ పేరో ఊరి పేరో ఆ విమానం మీద రాస్తారు. ఆ విమానం కూలిపోతే పేరు ఇంకో విమానానికి మారుతుంది. అంటే దాత కొన్నది విమానాన్ని కాదు, విమానం మీద పేరుండే చోటుని. ఈ పద్ధతిలో అందరికన్నా పెద్ద ఎత్తున కనిపించేవాళ్ళలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒకరు. 1917 నవంబరులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కి మొదటి విడత విమానాలన్నీ ఆయన డబ్బుతో వచ్చాయి. డి.హెచ్.9ఎ రకాన్ని యుద్ధంలోకి తీసుకెళ్ళిన మొదటి స్క్వాడ్రన్ అదే. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది.

1918 సెప్టెంబరు మొదట్లో ఆ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది. నవంబరు 11న యుద్ధం ముగిసింది. మధ్యలో ఉన్నది పట్టుమని రెండున్నర నెలలు. పట్టపగలు, పక్కన కాపలా విమానాలు లేకుండా, జర్మనీ లోపలికి వెళ్ళి బాంబులు వెయ్యడం వాళ్ళ పని. అక్టోబరు 21న ఒక్కరోజే 7 విమానాలు తిరిగి రాలేదు. మొత్తం మీద శత్రువు నేల మీద పోయినవి 17, ప్రమాదాల్లో విరిగినవి 28. కలిపితే 45. అప్పట్లో ఒక స్క్వాడ్రన్‌కి ఉండే విమానాలు 18. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నా కన్ను ముందు ఈ అంకెల మీదే పడుతుంది. ఒక స్క్వాడ్రన్ తన బలానికి రెండున్నర రెట్ల విమానాల్ని రెండున్నర నెలల్లో ఖర్చు చేసింది. బహుమతి మొదటి విడతతో ముగిసింది, పేరు మాత్రం చివరిదాకా సాగింది.

ఎఫ్1010 ఆ 45లో ఒకటి. 1918 అక్టోబరు 5న అది జర్మన్లకి చిక్కింది. అందులో ఉన్న కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ యుద్ధఖైదీలయ్యారు. విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు. రెండో యుద్ధంలో దాన్ని అక్కడి నుంచి తరలిస్తే పోలండులో తేలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ని బదులిచ్చి బ్రిటిష్ వాళ్ళు తిరిగి తెచ్చుకున్నారు. ఈ ఇద్దరి పేర్లూ మ్యూజియం రికార్డుల్లోకి వెళ్ళి వెతికితే దొరుకుతాయి. దాత పేరు వెతకక్కర్లేదు.

ఇక "ఇచ్చు" అనే క్రియ దగ్గరికి వస్తాను. మాది కృష్ణగిరి. కర్నూలు జిల్లా పడమటి వైపు ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ మా చుట్టుపక్కల ఊళ్ళు. నిజాం వంశం ఇచ్చిన బహుమతుల గురించి రాయడానికి మా ప్రాంతం వాళ్ళకి ఒక ప్రత్యేకమైన అర్హత ఉంది. మేమే ఒక బహుమతి.

ఆదోని ఒకప్పుడు నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1786లో టిప్పు సుల్తాన్ ఆ కోటని పట్టుకున్నాడు. టిప్పు ఓడిపోయాక 1792లో, 1799లో జరిగిన పంపకాల్లో ఈ ప్రాంతమంతా నిజాంకి వచ్చింది. 1800లో ఆయన దాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఎందుకు? తన రాజ్యంలో కంపెనీ సైన్యం ఉంచినందుకు ఏటేటా ఇవ్వాల్సిన ఖర్చుకి బదులుగా. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు ఒక సైన్యం ఖర్చు కింద చెల్లిపోయాయి. వాటికి పడిన పేరు దత్త మండలాలు. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతు రైతుకీ శిస్తు కట్టి లెక్క తేల్చాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో ఇక్కడికి మళ్ళీ వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పత్తికొండ మాకు పక్కూరే.

ఇప్పుడు 1800ని, 1918ని పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిసారి నిజాం ఇచ్చింది నేల. ఆ నేల శిస్తుతో సిపాయిలు నడిచారు. రెండోసారి ఇచ్చింది డబ్బు. ఆ డబ్బు వెనకున్నదీ ఎక్కువగా నేల శిస్తే, కాకపోతే ఈసారి తుంగభద్రకి అవతలి ఒడ్డున మిగిలిన తెలంగాణ, మరాఠ్వాడా, రాయచూరు రైతులది. దానితో విమానాలు ఎగిరాయి. రెండుసార్లూ క్రియ ఒక్కటే, దాత వంశం ఒక్కటే, పుచ్చుకున్నవాడూ ఒక్కడే. మారింది ఆయుధం. బహూకరణ అనే మాట తీసేసి సైన్యానికి బత్తెం అనే మాట పెట్టి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివితే నూట పద్దెనిమిదేళ్ళ కథ ఒక్క గీతలో కనిపిస్తుంది. 1918 ఎలాంటి సంవత్సరమో గుర్తుంచుకోవాలి. వానలు లేవు, గింజల ధరలు మండిపోయాయి, మద్రాసు రాష్ట్రంలో చాలాచోట్ల ధాన్యం లూటీలు జరిగాయి, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళని తుడిచిపెట్టింది.

ఆ ఏడాదే నిజాంకి బ్రిటిష్ ప్రభుత్వం "నమ్మకమైన మిత్రుడు" అనే బిరుదు ఇచ్చింది. ఈ బిరుదు కాగితం మీద ఆగలేదు, మళ్ళీ విమానాల దగ్గరికే వచ్చింది. రెండో యుద్ధం మొదట్లో నిజాం డబ్బుతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఇంకో రెండు స్క్వాడ్రన్లు తయారయ్యాయి: 152, 253. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. కింద నినాదం నమ్మకమైన మిత్రుడు అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలే. మామూలుగా వైమానిక దళాల నినాదాలు శత్రువుని ఉద్దేశించి ఉంటాయి: దూకుతాం, లెక్కచెయ్యం, ఎదిరిస్తాం, ఇలాగ. ఈ నినాదం శత్రువుతో మాట్లాడదు, యజమానితో మాట్లాడుతుంది. ఒక యుద్ధ విమానం మీద రాయడానికి ఇంతకన్నా విచిత్రమైన మాట నేను చూళ్ళేదు.

నిజాం ఒక్కడినే బోనులో నిలబెడితే మళ్ళీ పాత తప్పే అవుతుంది. తుంగభద్రకి ఇవతల ఉన్నవాళ్ళం మద్రాసు రాష్ట్రంలో ఉండేవాళ్ళం. మా వైపూ స్క్వాడ్రన్లున్నాయి. 79, 234, 264, ఈ మూడూ బ్రిటిష్ దళంలో మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్లే. యుద్ధ నిధి కింద పోగైన డబ్బుకి గుర్తుగా పెట్టిన పేర్లు. కలెక్టరు, తాసీల్దారు, కరణం అనే మెట్ల మీదుగా ఆ చందాలు ఎలా వచ్చి ఉంటాయో ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. చందాల పేరుతో బలవంతం జరుగుతోందని 1940లో కాంగ్రెసు వాళ్ళు, గాంధీ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఇక్కడ దాత ఒక రాజు కూడా కాదు, ఒక రాష్ట్రం. అంటే పేరున్న దాత కూడా లేడు. ఇందులో 264వ దళం నడిపిన డిఫయంట్ అనే విమానానికి ముందుకి కాల్చే తుపాకులే లేవు, ఉన్నవన్నీ వెనకాల తిరిగే బురుజులో. 1940 ఆగస్టు చివర్లో దెబ్బ మీద దెబ్బ తిని ఆ దళం పగటి యుద్ధం నుంచి తప్పుకుని రాత్రి కాపలాకి మారింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగు నేల మీద ఆకాశం నుంచి యుద్ధం పడిన రోజది. ఆ రోజు ఆ తీరాన్ని కాయడానికి హైదరాబాద్ పేరున్నవీ మద్రాసు పేరున్నవీ కలిపి అన్ని స్క్వాడ్రన్లలో ఒక్కటీ అక్కడ లేదు. న్యాయంగా చెప్పాలంటే ఇంకో మాట కూడా చేర్చాలి. వీటిలో 79, 110, 152 తర్వాత తూర్పుకి వచ్చి బర్మా యుద్ధంలో పోరాడాయి. 152 ఇంఫాల్ వైపు స్పిట్‌ఫైర్లతో ఉంది. అయినా ఆ ఏప్రిల్ రోజు ఒక సంగతి తేలిపోయింది. డబ్బిచ్చినవాడికి పేరు దక్కుతుంది. విమానం ఎక్కడుండాలో తేల్చేది ఇంకొకరు.

మన ఆఫీసుల్లో రోజూ చూసే సంగతే ఇది. ప్రాడక్టు తెర మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ లైను ఎవరు రాశారో, రాత్రి రెండింటికి ఎవరు లేచి సరిచేశారో తెలియాలంటే వెర్షన్ హిస్టరీ తెరవాలి. భారత సైనిక విమానయానానికి అలాంటి హిస్టరీ ఉందా? కొంత ఉంది. అది మొదలయ్యేది మళ్ళీ డి.హెచ్.9ఎ దగ్గరే.

యుద్ధం అయిపోయాక డి.హెచ్.9ఎలు బోలెడు మిగిలాయి. బ్రిటన్ వాటిని ఇరాక్‌లోనూ, మన వాయవ్య సరిహద్దులోనూ కొండజాతుల ఊళ్ళ మీద నిఘాకీ బాంబులకీ వాడింది. పాతబడ్డాక బదులు విమానం కావలసొచ్చింది. గోదాముల్లో విడిభాగాలు గుట్టలుగా ఉన్నాయి, వాటిని వీలైనంత వాడుకునేలా కొత్తది గీయమన్నారు. అలా వెస్ట్‌లాండ్ కంపెనీ తయారుచేసిందే వాపిటీ. దాని రెక్కలు, తోక దాదాపు డి.హెచ్.9ఎవే. పాత కోడు మీద కొత్త రిలీజు. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న కాగితాల మీద పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు దాని చేతిలో ఉన్నవి నాలుగు వాపిటీలు. నిజాం బహుమతికీ మన వైమానిక దళానికీ గర్వంగానో కోపంగానో కలిపే కథలు చాలా విన్నాను. నిజంగా కలిపే దారి ఈ రెక్కల గుండా ఉంది. దాని గురించి తెలుగులో ఎవరూ మాట్లాడగా వినలేదు.

ఆ నాలుగు వాపిటీల చుట్టూ ఉన్న మనుషులెవరు? ఇంగ్లండులో శిక్షణ పొందొచ్చిన కొద్దిమంది భారతీయ అధికారులు, 19 మంది హవాయి సిపాయిలు. చరిత్ర పుస్తకాలు అధికారుల గురించి, ముఖ్యంగా తర్వాత దళాధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ గురించి బాగానే రాశాయి. హవాయి సిపాయిలంటే మెకానిక్కులు, ఫిట్టర్లు. వాళ్ళలో ఒకడు హర్జీందర్ సింగ్. లాహోరులో ఇంజనీరింగ్ చదివి, ఆఫీసరు ఉద్యోగాలు చూసుకోకుండా సిపాయిగా చేరినవాడు. ఆ మెట్టు నుంచి ఎయిర్ వైస్ మార్షల్ దాకా వెళ్ళాడు. ఆయన జ్ఞాపకాల్ని ఎ.ఎల్. సైగల్ కూర్చగా 1977లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. పేరు "బర్త్ ఆఫ్ యాన్ ఎయిర్ ఫోర్స్".

భారత సైనిక విమానయానం మీద ఒక్క పుస్తకం చదవమని అడిగితే నేనీ పుస్తకమే చెప్తాను. ఇందులో విమానం మీది పేరు కన్నా లోపలి పని పెద్దదిగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్ళలో చాలామందికి ఉన్న నమ్మకం, భారతీయులు గుర్రం ఎక్కగలరేమో గానీ ఇంజను చూసుకోలేరని. దానికి జవాబు ఉపన్యాసంతో ఇవ్వడం కుదరదు. ఇంజను రోజూ స్టార్టవ్వాలి, అంతే. 1942లో బర్మాలో మజుందార్ నాయకత్వంలో ఒకటో స్క్వాడ్రన్, సైన్యంతో కలిసి నిఘా పనికి ఉద్దేశించిన లైసాండర్ విమానాలకి బాంబులు తగిలించి జపాన్ స్థావరాల మీదికి వెళ్ళింది. ఆ తగిలించిన పని హర్జీందర్ బృందానిది. యుద్ధం తర్వాత అమెరికన్ లిబరేటర్ బాంబర్లు కాన్పూరులో తుక్కుగా పడి ఉంటే వాటిని లేపి ఎగరగొట్టారు. 1961లో కాన్పూరులో కట్టిన మొదటి ఆవ్రో విమానం గాల్లోకి లేచింది. దాని వెనకా ఈయనే ఉన్నాడు.

ఈ పుస్తకంలో నాకు లోటుగా అనిపించేదీ ఉంది. మొదటి స్క్వాడ్రన్ 1937 నుంచి వజీరిస్తాన్‌లో మీరాన్‌షా నుంచి ఎగిరింది. అంటే మన వాళ్ళ తొలి యుద్ధం సామ్రాజ్యం తరఫున కొండ ఊళ్ళ మీద. "మేం చెయ్యగలమని చూపించాం" అనే ఉత్సాహంలో ఎవరి మీద చూపించాం అనే ప్రశ్న వెనక్కిపోతుంది. హర్జీందరొక్కడే కాదు, ఆ తరం జ్ఞాపకాలన్నిటిలోనూ ఇదే తీరు. పనితనం గురించి రాసినంత ఇష్టంగా పని ఎందుకో రాయలేదు. నాలాంటి ఇంజనీర్లకి ఈ జబ్బు కొత్త కాదు. పైనుంచి వచ్చిన రిక్వైర్‌మెంటు ఎంత చెడ్డదైనా దాన్ని శుభ్రంగా కట్టి ఇవ్వడంలో మనకో తృప్తి ఉంటుంది. ఆ తృప్తి నిజమైనదే, కానీ చరిత్ర రాసేటప్పుడు అది చాలదు.

దాత కథ చివర 1948లో ఉంది. మూడు స్క్వాడ్రన్లకి తన పేరు రాయించుకున్న నిజాంకి, భారత ప్రభుత్వంతో తలపడే వేళకి చెప్పుకోదగ్గ వైమానిక దళం లేదు. ఆయుధాల కోసం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు దొంగచాటుగా నడిపే లాంకాస్ట్రియన్ విమానాల మీద ఆధారపడ్డాడు. నమ్మకమైన మిత్రుడి కోసం లండన్ నుంచి ఏ స్క్వాడ్రనూ రాలేదు. సెప్టెంబరులో పూణే వైపు నుంచి వచ్చిన టెంపెస్ట్ విమానాలు భారత వైమానిక దళానివి. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. దాన్ని పోలీసు చర్య అనాలా ఇంకోటనాలా అనే తగువు వేరే. నా ప్రశ్న చిన్నది. 1918లో రాసిన ఆ వాక్యం తన దాతకైనా అక్కరకొచ్చిందా?

అందుకే గర్వపడేవాళ్ళకీ తిట్టేవాళ్ళకీ నా మనవి ఒక్కటే. "ఇచ్చాడు" అని రాసిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వెయ్యండి. ఎవరి దగ్గర తీసుకుని ఇచ్చాడు? ఇచ్చింది ఎవరి మీద వాడారు? దాన్ని నడిపిన చేతులు ఎవరివి? హైదరాబాదు రాష్ట్ర దస్తావేజుల్లో ఆ విమానాల డబ్బు ఏ పద్దు కింద కదిలిందో చూసి తెలుగులో రాసేవాళ్ళు కావాలి. బళ్ళారి కలెక్టరు కాగితాల్లో యుద్ధ నిధి జాబితాలు తిరగేసేవాళ్ళు కావాలి. హర్జీందర్ పుస్తకం తెలుగులోకి రావాలి. వీటిలో ఏ ఒక్కటి జరిగినా దుండిగల్ అకాడమీ మీదుగా విమానం ఎగిరినప్పుడల్లా మనం చెప్పుకునే కథ ఇప్పటికన్నా నిజంగా ఉంటుంది.

పేర్లు శాశ్వతమని అనుకోనక్కర్లేదు. 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో మా వాళ్ళు దత్త మండలాలు అనే మాట మాకొద్దన్నారు. చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ తప్ప మూడోవాడు లేని ఆ మాటలోంచి, ఇవ్వబడినవాళ్ళు బయటికొచ్చారు. భారత వైమానిక దళానికి 1945లో తగిలించిన రాయల్ అనే మాట 1950లో రిపబ్లిక్ రాగానే ఊడిపోయింది. ఆ రెండుచోట్లా పాత పేరు చెరిపింది దాత కాదు, గ్రహీత కాదు. ఆ పేరు మోసినవాళ్ళే.